నడుము చుట్టూ తామర: దురద తగ్గించిన ట్యూబు జబ్బును దాచిపెట్టిన కేసు

నేపథ్యం

రోగి 34 ఏళ్ల మహిళ. కోస్తాలోని ఒక పట్నంలో హాస్టల్ వంటశాలలో పని. తెల్లవారుజామున ఐదింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండింటి దాకా ఆవిరి, చెమట, ఒంటికి అంటుకుపోయిన తడి చీర. ఇంట్లో భర్త, ఆరేళ్ల కొడుకు, అత్తగారు. అందరి బట్టలూ ఒకే బకెట్లో నానతాయి. స్నానానికి ఇద్దరికి ఒక తువ్వాలు. షుగర్, బీపీ లేవు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. గ్యాస్ అంటూ రెండేళ్లుగా రోజూ పొద్దున్నే పాంటోప్రజోల్ 40 మి.గ్రా. మాత్ర వేసుకుంటోంది. ఈ చివరి సంగతి మొదటిరోజు కేస్ షీట్లో ఒక మూల పడి ఉన్న వాక్యం. చికిత్స మధ్యలో రెండుసార్లు దాని దగ్గరికే తిరిగి రావాల్సి వచ్చింది.

మనిషిని గుర్తుపట్టగలిగే వివరాలన్నీ ఇక్కడ తీసేశాం, కొన్ని మార్చాం. ఇలాంటి రోగులు చర్మవ్యాధుల ఓపీకి రోజూ వస్తారు. ఈ ఒక్క కేసునే రాయడానికి కారణం, ఇందులో తప్పులు రోగి వైపూ జరిగాయి, చికిత్స చేసిన మా వైపూ జరిగాయి.

వచ్చిన బాధ

పద్నాలుగు నెలల కిందట లంగా బొందు బిగించే చోట, కుడి పక్కన, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. విపరీతమైన దురద. మందుల షాపులో తామరకని అడిగితే 15 గ్రాముల ట్యూబు ఇచ్చారు. ఆ తర్వాత జరిగింది ఆమె ఒక్క ముక్కలో చెప్పింది: "రాస్తే రెండ్రోజుల్లో పోతుందండీ, మానేస్తే వారంలో వస్తుంది. వచ్చినప్పుడల్లా ఇంకాస్త పెద్దదై వస్తుంది."

మొదటి ఆరు నెలలూ రాయడం, మానడం. తర్వాత ఎనిమిది నెలలు దాదాపు మానకుండా వారానికి ఒక ట్యూబు చొప్పున రాసింది. అంటే ముప్ఫై అయిదు ట్యూబుల దాకా, అర కిలో పైచిలుకు క్రీము. మధ్యలో ఎవరో చెబితే ఒకసారి జిల్లేడు పాలు పూసుకుంది. అవి కాల్చినట్టు బొబ్బలెక్కితే ఆ బొబ్బలకూ ఇదే ట్యూబు.

ట్యూబు తెమ్మన్నాం. వెనక సన్న అక్షరాల్లో నాలుగు మందులున్నాయి: క్లోబెటాసాల్ 0.05 శాతం, ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, ఫంగస్‌ను చంపే టెర్బినఫైన్. క్లోబెటాసాల్ ఒంటికి పూసే స్టిరాయిడ్లలో అత్యంత బలమైన వర్గంలోది. సొరియాసిస్ లాంటి జబ్బులకు ఇచ్చినా రెండు వారాలకు మించి వరసగా వాడకూడదు, వారానికి 50 గ్రాములు దాటకూడదు. ఈమె వారానికి 15 గ్రాములే రాసింది కాబట్టి మోతాదు దాటలేదనిపిస్తుంది. కానీ రెండు వారాల గడువు దాటి ఎనిమిది నెలలయింది, పైగా రాసిన చోటు గజ్జలు, రొమ్ముల కింది మడతలు. తడిగా, మూసుకుని ఉండే మడతల్లో మందు మామూలు చర్మంలో కన్నా చాలా ఎక్కువ ఇంకుతుంది. మన దేశంలో 2018 నుంచి ఇలాంటి స్టిరాయిడ్ పూతలు చీటీ మీదే అమ్మాలన్నది చట్టం. ఈమె ఒక్క చీటీ కూడా చూపించలేదు, ఎవరూ అడగలేదు.

చూస్తే ఏం కనిపించింది

నడుము చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున బెల్టులా మచ్చ. పిరుదుల మీద, గజ్జల్లో, రొమ్ముల కింద విడివిడి మచ్చలు. మొత్తం కలిపితే ఆమె అరచేతులు, వేళ్లతో సహా, ఎనిమిది పట్టేంత. మామూలు తామర పుస్తకంలో బొమ్మలా ఉంటుంది: అంచు ఎర్రగా, ఉబ్బెత్తుగా, పొలుసులతో, మధ్యభాగం దాదాపు మామూలు చర్మం. ఇక్కడ అలా లేదు. పిరుదు మీద వలయంలో మరో వలయం, దాని లోపల ఇంకొకటి, నీళ్లలో రాయి వేసినట్టు. అంచులు అణిగిపోయి ఉన్నాయి, పొలుసు లేదనే చెప్పాలి. అక్కడక్కడా చిన్న చీము పొక్కులు. తొడల లోపలి వైపు ఊదారంగు చారలు, ఒక్కోటి సెంటీమీటరు వెడల్పు దాకా, వేలితో తడిమితే గాడిలా తగులుతున్నాయి. వలయాల మధ్య చర్మం పాలిపోయి ఉంది.

ఇలా ఎందుకు మారిందో అర్థం కావాలంటే చర్మం పొరల దగ్గరికి వెళ్లాలి. బాహ్యచర్మం పైభాగంలో, పదిహేను ఇరవై వరసల చచ్చిన కణాలతో కెరాటిన్ పొర ఉంటుంది. ఒంటి మీద చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులు మాత్రమే. తామర ఫంగస్ తినేది ఈ కెరాటిన్‌నే. బతికున్న కణాల్లోకి అది దిగదు. అయితే అది వదిలే పదార్థాలను కింద ఉన్న రోగనిరోధక కణాలు పసిగట్టి వాపు తెప్పిస్తాయి. వాపు వచ్చిన చోట కింది కణాలు వేగంగా పుట్టి పైకి తోసుకొస్తాయి, ఫంగస్ ఉన్న పొర పొలుసుగా రాలిపోతుంది. మామూలుగా అడుగు వరసలో పుట్టిన కణం రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, ఇక్కడ ఆ పని త్వరపడుతుంది. ఫంగస్ ఇంకా తినని చర్మం వైపు జరుగుతూ పోతుంది. అందుకే వలయం, అందుకే అంచు ఎరుపు. ఆ ఎరుపు, ఆ దురద, ఆ పొలుసు అన్నీ శరీరం చేస్తున్న పోరాటం గుర్తులు.

స్టిరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎరుపు పోతుంది. రోగనిరోధక కణాలు నిద్రపోతాయి, దురద పోతుంది. రోగి తగ్గిందనుకుంటుంది. కింద ఫంగస్ అడ్డు లేకుండా పాకుతుంది, నూగు వెంట్రుకల కుదుళ్లలోకీ దిగుతుంది. మందు ఆపినప్పుడు మళ్లీ పోరాటం మొదలై ఒక వలయం, మళ్లీ రాస్తే అణిగి, మళ్లీ ఆపితే ఇంకొకటి. వలయంలో వలయం అలా ఏర్పడుతుంది. అదే స్టిరాయిడ్ అంతశ్చర్మంలో కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. పలచబడ్డ చర్మం సాగే చోట లోపలే చిట్లితే పైకి కనిపించేవి ఆ చారలు.

పాలిపోయిన మచ్చ, వలయాకారం అనగానే మన ప్రాంతంలో ఇంకో ప్రశ్న తప్పక వేసుకోవాలి: కుష్ఠు కాదు కదా? దూది పోగుతో, ఆ తర్వాత గుండుసూది మొనతో స్పర్శ చూశాం. మచ్చ లోపలా బయటా ఒకేలా తెలిసింది. మోచేయి వెనక నరం, మోకాలి పక్కన నరం తడిమితే మందంగా లేవు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. దురద ఉంది కదా అని వదిలేయకూడదు.

మొదటి పరీక్ష, మొదటి తప్పు

కె.ఓ.హెచ్. పరీక్షకు, అంటే చర్మపు పొడిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి మైక్రోస్కోపులో ఫంగస్ కోసం వెతికే పరీక్షకు, గీసి చూస్తే ఫంగస్ కనిపించలేదు. ఈ ఫలితాన్ని నమ్మి ఎగ్జిమా (ఫంగస్‌తో సంబంధం లేని చర్మపు వాపు) అని రాసి ఇంకో స్టిరాయిడ్ ఇచ్చేయడం చాలా తేలిక. ఈ జబ్బు దేశమంతా ఇలా పాకడంలో ఆ తేలికదారి పాత్ర చిన్నది కాదు. నమ్మకపోవడానికి మాకు మూడు కారణాలున్నాయి. ఆమె ఆ ఉదయమే ట్యూబు రాసుకుని వచ్చింది, అందులో టెర్బినఫైన్ కూడా ఉంది. గీసింది అంచు నుంచి కాక ఎక్కువగా మధ్య నుంచి. వలయంలో వలయం, మడతలు, నెలల తరబడి స్టిరాయిడ్ అన్న మూడూ కలిసి కనబడినప్పుడు, వేరే రుజువు దొరికేదాకా అది తామరే అనుకోవాలి.

ట్యూబు పూర్తిగా ఆపి, వారం తర్వాత ఒంటికి ఏమీ రాసుకోకుండా రమ్మన్నాం. రాత్రికి దురద తగ్గించే లెవోసెట్రిజిన్ 5 మి.గ్రా. మాత్ర ఇచ్చాం. అయితే, ఆపిన తర్వాత ఏం జరుగుతుందో చెప్పలేదు. నెలల తరబడి వాడిన బలమైన స్టిరాయిడ్ ఆపితే మూడో రోజు నుంచి వారంలోపు మచ్చలు ఎర్రగా మండి, దురద రెట్టింపవుతుంది. అణచి ఉంచిన పోరాటం ఒక్కసారి విరుచుకుపడటం అది. ఆమె నాలుగో రోజు రాత్రి నిద్రపోలేదు. అయిదో రోజు ట్యూబు తీసింది. వారానికి రావాల్సిన మనిషి పన్నెండో రోజు వచ్చింది, మళ్లీ అణిగిన మచ్చలతో. ఆమె మాట వినలేదని రాయడం అన్యాయం. మందు ఆపితే జబ్బు పెరిగిందని ఆమె కళ్లతో చూసింది. అది పెరగడం కాదని ముందే చెప్పాల్సింది మేము.

ఈసారి కాగితం మీద రాసిచ్చాం: మూడో రోజు నుంచి పదో రోజు దాకా ఎర్రబడుతుంది, దురద పెరుగుతుంది, తడిగుడ్డ చల్లగా పదిహేను నిమిషాలు వేసుకోండి, రాత్రి మాత్ర వేసుకోండి, తట్టుకోలేకపోతే షాపుకు కాదు, ఇక్కడికి రండి. స్టిరాయిడ్‌ను బలం తగ్గిస్తూ మెల్లగా ఆపితే మంట ఉండదు కదా అన్న ఆలోచన వచ్చింది. మొహం మీద ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఒక్కోసారి అలా చేస్తాం. ఫంగస్ ఉన్న నడుము మీద, ఇంట్లో ఇంకా ట్యూబులుండగా, ఎంత తక్కువ స్టిరాయిడ్ ఇచ్చినా చక్రం ఆగదని ఒక్కసారే ఆపించాం.

ఉదయం ఎనిమిదింటికి రక్తంలో కార్టిసాల్ కూడా చూశాం. ఇంత కాలం ఇంత బలమైన మందు ఇంకితే ఒంట్లో సహజంగా తయారయ్యే ఈ స్టిరాయిడ్ తగ్గిపోవచ్చు. విలువ డెసిలీటరుకు 9.4 మైక్రోగ్రాములు. ప్రమాదం అనలేం, పూర్తి భరోసా అనీ అనలేం. నీరసం, కళ్లు తిరగడం, వాంతులు లేవు, బీపీ బావుంది. లక్షణాలు చెప్పి గమనించుకోమన్నాం. ఎనిమిది వారాల తర్వాత 14కి పెరిగింది.

రెండో స్లయిడు

ఈసారి గీసిన పద్ధతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ కేసు ఆ స్లయిడు మీదే నిలబడింది.

ముందు స్పిరిట్ దూదితో మచ్చ తుడవాలి. క్రీము జిడ్డు మిగిలితే మైక్రోస్కోపు కింద నూనె బుడగలు చూసి మోసపోతాం. 15వ నంబరు బ్లేడును చర్మానికి నిటారుగా పట్టుకుని, పాకుతున్న అంచు మీద లోపలి నుంచి బయటికి గీయాలి. పొలుసు కనబడకపోయినా పొడి రాలేదాకా మెల్లగా గీయాలి. రెండు మూడు చోట్ల నుంచి తీయాలి. 10 శాతం కె.ఓ.హెచ్. ఒక చుక్క వేసి, కవర్ స్లిప్ పెట్టి, మంట మీదుగా ఒకటి రెండుసార్లు పోనిచ్చి, మరగనివ్వకుండా, పదిహేను నిమిషాలు ఆగాలి. మరిగితే స్ఫటికాలు వచ్చి అంతా చెడుతుంది. ఆ తర్వాత మైక్రోస్కోపులో స్లయిడు మీదికి వెలుగును చేర్చే కండెన్సర్‌ను కిందికి దించి వెలుగు తగ్గించాలి. ఎక్కువ వెలుగులో ఫంగస్ పోగులు మాయమవుతాయి. ముందు 10 రెట్ల లెన్సుతో వెతికి, అనుమానం వచ్చిన చోట 40 రెట్లతో చూడాలి. నిజమైన పోగు ఒకే వెడల్పులో, కొమ్మలు వేస్తూ, మధ్య మధ్య అడ్డగోడలతో, కణాల గోడలను దాటుకుంటూ పోతుంది. కణాల గోడల వెంటే వంకరగా నడుస్తూ పోతే అది ఫంగస్ కాదు, కంటిని మోసం చేసే వల.

దాంతో పాటు నడుము పక్క నుంచి నూగు వెంట్రుకలు నాలుగు పీకి అదే చుక్కలో వేశాం. గీసిన పొడిలో పోగులు కనిపించాయి. రెండు వెంట్రుకల కాండం లోపల కూడా కనిపించాయి. ఈ రెండోది జబ్బు పేరును మార్చదు కానీ మందును మారుస్తుంది. కుదురులోకి దిగిన ఫంగస్‌ను పై పూత ఒక్కటే అందుకోలేదు, లోపలికి మాత్రలు ఇవ్వాలి.

ఏ మాత్ర?

ఆలోచించాల్సినవి రెండు: టెర్బినఫైన్, ఇట్రాకొనజోల్. పదేళ్లుగా మన దేశంలో కనిపిస్తున్న మొండి తామర వెనక ఎక్కువగా ఉన్నది ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్. దానికి ఆ పేరు 2020లో పెట్టారు. అందులో చాలా రకాలకు స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువులో మార్పులున్నాయి. టెర్బినఫైన్ పట్టుకునేది ఆ ఎంజైమునే కాబట్టి, తాళం మారిపోయాక పాత తాళంచెవిలా అవుతుంది. ఈ లెక్కన మొదటే ఇట్రాకొనజోల్ ఇవ్వాలి.

ఇవ్వలేదు. కారణం ఆ పాంటోప్రజోల్. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఆమ్లాన్ని ఆపే మాత్ర వేసుకుంటే రక్తంలోకి చేరేది బాగా తగ్గిపోతుంది. రెండేళ్ల అలవాటును ఒక్క రోజులో మాన్పించలేమనుకుని, ఆ గొడవ లేని టెర్బినఫైన్ 250 మి.గ్రా. రోజుకొకటి నాలుగు వారాలు ఇచ్చి చూద్దామనుకున్నాం. కాలేయ పరీక్ష మామూలుగా ఉంది. ఆలోచన తప్పు కాదు, ఫలితం రాలేదు. నాలుగు వారాలకు దురద కొంచెం తగ్గింది, అంచులు బతికే ఉన్నాయి, స్లయిడులో పోగులూ ఉన్నాయి. ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టాం, ఒక్క మాత్ర కూడా మానలేదు. మోతాదు 500కు పెంచడం కన్నా మందు మార్చడమే సరైనదనిపించింది. ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపితే మెంటాగ్రోఫైటిస్ వర్గం ఫంగస్ పెరిగింది, ఇండోటినియే ఆ వర్గంలోదే. జన్యు పరీక్ష వసతి అందుబాటులో లేదు కాబట్టి ఇండోటినియే అన్నది మా అంచనా మాత్రమే.

పూత విషయంలో లెక్క మాత్రం మొదటి నుంచీ సరిగ్గా వేశాం. చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా పిండిన క్రీము స్త్రీలలో సుమారు 0.4 గ్రాములు, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఈమెకు ఎనిమిది అరచేతులు, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్లు అదనంగా రాయాలి కాబట్టి పది. అంటే అయిదు వేలి కొసలు, పూటకు రెండు గ్రాములు. రోజుకొకసారి రాసే లులికొనజోల్ 1 శాతం క్రీము నెలకు 60 గ్రాములు కావాలి. నెలకు ఒక్క 10 గ్రాముల ట్యూబు రాసిచ్చే చీటీలు చాలా చూస్తుంటాం. అది అయిదు రోజులకే అయిపోతుంది, మిగతా ఇరవై అయిదు రోజులూ రోగి ఖాతాలో పడతాయి.

క్యాప్సూల్ కడుపులోకి వెళ్లింది, రక్తంలోకి వెళ్లలేదు

ఇట్రాకొనజోల్ 100 మి.గ్రా. రెండు పూటలా, అన్నం తిన్నాక. పాంటోప్రజోల్ ఆపమన్నాం. గుండె జబ్బు, కాళ్ల వాపు, కొలెస్ట్రాల్ మాత్రలు లేవని అడిగి రాసుకున్నాం. గర్భం వచ్చే అవకాశం లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

రెండు వారాల తర్వాత మార్పు లేదు. ఈ దశలో ఫంగస్ ఈ మందుకూ లొంగడం లేదని రాసేయవచ్చు. దానికి ముందు, ఆమె రోజును గంటగంటకూ చెప్పించాం. పొద్దున నాలుగున్నరకు లేచి, టీ తాగి, మొదటి క్యాప్సూల్ వేసుకుని వంటశాలకు వెళ్తుంది. అన్నం తినేది పదకొండింటికి. రాత్రి క్యాప్సూల్ అన్నం తిన్నాకే, కానీ గ్యాస్ పైకి తంతోందని నాలుగో రోజు నుంచి పాంటోప్రజోల్ మళ్లీ మొదలుపెట్టింది. అంటే ఒక క్యాప్సూల్ ఖాళీ కడుపులోకి, రెండోది ఆమ్లం లేని కడుపులోకి. అన్నం తిన్నాక అన్న మా మాట ఆమె దినచర్యలో ఎక్కడా ఇమడలేదు.

మార్చింది ఇది: రెండు క్యాప్సూళ్లూ కలిపి మధ్యాహ్నం రెండున్నరకు, ఇంటికొచ్చి కడుపునిండా కూర, పప్పు, పెరుగుతో తిన్న వెంటనే. ఆమెకు రోజులో నిజమైన భోజనం అదొక్కటే. పాంటోప్రజోల్ బదులు, తప్పనిసరైనప్పుడు మాత్రమే ద్రవరూపంలో యాంటాసిడ్, అదీ క్యాప్సూల్ వేసుకున్న రెండు గంటలు దాటాక. రోజుకు ఆరేడు టీలు మూడుకు తగ్గాయి, అసలు గ్యాస్ సగం అక్కడే తగ్గింది.

మూడో వారానికి పిరుదుల మీద లోపలి వలయాలు చదునయ్యాయి. అయిదో వారానికి రొమ్ముల కింద శుభ్రం. రాత్రి దురద మాత్ర మానేసింది.

నడుము మాత్రం తగ్గలేదు

ఎనిమిదో వారంలో సరిగ్గా బొందు గీత మీద కొత్తగా మూడు చిన్న మచ్చలు. మిగతా ఒళ్లంతా తగ్గుతూ ఒక్క చోట కొత్తవి రావడం అంటే మందు లోపం కాదు, బయటి నుంచి మళ్లీ అంటుకుంటోంది.

మొదటిరోజు నుంచీ ఇంట్లో వాళ్లకు ఉందా అని అడుగుతూనే ఉన్నాం. "మా ఆయనకి ఏమీ లేదండీ" అనే జవాబు. ఈసారి ఆయన్ని తీసుకొస్తే తప్ప మందు రాయమని చెప్పాం. వచ్చాడు. గజ్జల్లో రెండు వైపులా తామర. ఏమీ లేదనడం అబద్ధం కాదు, ఆయనా అదే ట్యూబు రాస్తున్నాడు కాబట్టి దురద లేదు, దురద లేకపోతే జబ్బు లేనట్టే అనుకున్నారు. నడుముకు నల్లదారం మొలతాడు, పెళ్లికి ముందు నుంచీ ఉన్నదే, చెమటకు, స్నానానికి తడిసి ఎప్పుడూ పూర్తిగా ఆరనిది. దాని కిందే చుట్టూ మచ్చ. పిల్లాడి చెంప మీద కూడా ఒక వలయం, వాడికీ నల్ల మొలతాడు.

మొలతాడు దారాల మధ్య ఇరుక్కున్న చర్మపు పొడిలో ఈ ఫంగస్ చాలాకాలం బతుకుతుంది. మొలతాడు తెంపడం అశుభమని అత్తగారి అభ్యంతరం. వాదించలేదు. దారం తీసేసి వెండి మొలతాడు వేయమన్నాం, దానికి ఆవిడే ఒప్పుకున్నారు. వెండిది ఆరుతుంది, సబ్బుతో తోమవచ్చు.

భర్తకు స్టిరాయిడ్ వల్ల చర్మం పలచబడి, తొడల్లో చారలు మొదలవుతున్నాయి. ముంజేతితో పోలిస్తే వృషణాల తిత్తి చర్మం నుంచి హైడ్రోకార్టిజోన్ దాదాపు 42 రెట్లు ఎక్కువ ఇంకుతుందని 1967లో కొలిచి చెప్పారు. గజ్జలకు రాసిన ట్యూబు అక్కడికి అంటకుండా ఉండదు. ఆయనకు ఇట్రాకొనజోల్, పూత. పిల్లాడి తల అంతా విడదీసి చూశాం, వెంట్రుకలు విరిగిన చోట్లు, పొలుసులు లేవు కాబట్టి చెంపకు పూత ఒక్కటే. తలలో ఉండి ఉంటే వాడికీ లోపలి మందు తప్పేది కాదు.

బట్టల సంగతి రెండు మాటల్లో పోయేది కాదు. లంగా నేఫాలో, అంటే బొందు దూరే గొట్టంలో, గుడ్డ నాలుగు మడతలుగా ఉంటుంది, ఉతికినా నడిమి మడత తడిగానే ఉంటుంది. ఆమె రోజూ కట్టే లంగాను విప్పి చూపించమని అడిగితే బొందు ఒక చోట గట్టిపడి, మురికిపట్టి, తాడులా ఉంది, మచ్చ పుట్టిన చోటికి సరిగ్గా అదే ఆనుతుంది. బొందులు తీసి పారేసి వెడల్పు కాటన్ పట్టీలు వేయించుకోమన్నాం. ముగ్గురి బట్టలూ విడిగా, చేయి పెట్టలేనంత వేడినీళ్లలో అరగంట నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరవేసి, నడుము దగ్గర ఇస్త్రీ. తువ్వాలు ఎవరిది వారికి. వంటశాల నుంచి రాగానే స్నానం, మడతలు ఒత్తి తుడిచి పూర్తిగా ఆరాకే బట్ట.

ఎప్పుడు ఆపాలి

మోతాదు వేళ మార్చాక ఇట్రాకొనజోల్ మొత్తం పది వారాలు నడిచింది. కాలేయ పరీక్ష నాలుగో వారం, ఎనిమిదో వారం చూశాం, మామూలే. ఆపడానికి పెట్టుకున్న గుర్తులు: దురద లేకపోవడం, వేలితో తడిమితే అంచు తగలకపోవడం, రెండు వారాల తేడాతో రెండు స్లయిడుల్లో పోగులు లేకపోవడం. రంగును గుర్తుగా పెట్టుకోలేదు. తామర తగ్గిన చోట నల్లటి వలయాలు నెలల తరబడి ఉంటాయి. రోగులు దాన్ని జబ్బే అనుకుని మళ్లీ ట్యూబు కొంటారు. ఆమె ముందు ఆ నల్ల మచ్చ మీద గీసి, స్లయిడు మైక్రోస్కోపులో ఆమెకే చూపించాం. ఏమీ లేని స్లయిడు అలా ఉంటుందని చూశాక మళ్లీ అడగలేదు. పూత మాత్రం మచ్చలు పోయాక ఇంకో రెండు వారాలు కొనసాగింది.

తొడల మీది చారలు పోతాయా అని అడిగింది. పోవు. ఊదారంగు తెల్లబడుతుంది, గాడి ఉంటుంది. ఏ క్రీమూ వాటిని తీసేయదని సూటిగా చెప్పాం, ఎందుకంటే ఆ ఆశతోనే ఇంకో ట్యూబు కొనే ప్రమాదం ఉంది.

మా పద్ధతిలో ఏం మారింది

ఈ కేసు తర్వాత ఓపీలో కొన్ని మార్చుకున్నాం. వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకుని రమ్మంటాం. పేరు అడిగితే రంగు చెబుతారు, ట్యూబు చూస్తే మందు తెలుస్తుంది. స్టిరాయిడ్ ఆపించే రోజే, తర్వాత పది రోజులు ఎలా ఉంటాయో రాసిస్తాం. మాత్ర భోజనం తర్వాత అని రాయం, ఎన్ని గంటలకు ఏం తింటారని అడిగి ఆ గంట రాస్తాం. మందు పనిచేయలేదని తేల్చే ముందు ఫంగస్ కన్నా ముందు కడుపును, ఆ తర్వాత ఇంటిని అనుమానిస్తాం. ఇంట్లో వాళ్లకు ఉందా అన్న ప్రశ్నకు లేదన్న జవాబును లెక్కలోకి తీసుకోం, మనిషిని చూస్తాం.

మూడు నెలల తర్వాత

ఎడమ తుంటి మీద గోరంత మచ్చతో ఆమె మళ్లీ వచ్చింది. కనిపించిన నాలుగో రోజు, ఏమీ రాయకుండా. వానాకాలం, రెండు రోజులు ఎండ లేక తడి ఆరని లంగా కట్టుకున్నానని తనే చెప్పింది. అంచు ఎర్రగా, పొలుసుతో, మామూలు తామరలా ఉంది. స్లయిడులో పోగులున్నాయి, చుట్టూ పీకిన నూగు వెంట్రుకలు శుభ్రంగా ఉన్నాయి, భర్తకూ పిల్లాడికీ చూస్తే ఏమీ లేదు. అందువల్ల ఈసారి మాత్రలు ఇవ్వలేదు. అంచు దాటి రెండు సెంటీమీటర్లు, రోజుకు ఒక వేలి కొసలో సగం క్రీము, నాలుగు వారాలు. మూడో వారానికే మచ్చ పోయింది, నాలుగో వారం కూడా రాసింది.